పదకొండింటి కోత

చర్లపల్లి పారిశ్రామిక వాడలో రోడ్డు చివరికంటా వెళ్తే రాష్ట్ర శీతల పరికరాల పరిశోధనాభివృద్ధి సంస్థ వస్తుంది. బోర్డు మీద పేరు మరీ పొడుగు కావడంతో భవనం చిన్నదిగా కనిపిస్తుంది గానీ, లోపల నాలుగంతస్తులు, ఒక లిఫ్టు, ఒక క్యాంటీను, ఒక డైరెక్టరు ఉన్నారు. పరిశోధన మూడో అంతస్తులో జరుగుతుంది. అభివృద్ధి ఎక్కడ జరుగుతుందో అడిగినవాళ్ళు లేరు.

ఆ మూడో అంతస్తులో హైమవతి కాంట్రాక్టు ఇంజనీరు. ప్రతి మార్చిలో ఆమె ఉద్యోగం పోతుంది, ప్రతి ఏప్రిల్లో మళ్ళీ వస్తుంది. ఆమె తయారు చేస్తున్నది అరచేతిలో పట్టే ఒక పెట్టె. ఆరోగ్య కేంద్రాల్లో టీకామందులు దాచే ఫ్రిజ్జుకి తగిలించి, దాని తీగ కొసని లోపల పెడితే ఎన్ని డిగ్రీలుందో చూపిస్తుంది. ఎనిమిది దాటితే కూత పెడుతుంది, ఎవరో ఒకరు వచ్చి ఆపేదాకా మానదు. అంతకు మించి దానికి ఏ విద్యా రాదు.

ఆ కూత కోసం ఎదురుచూస్తున్న మనిషి ఒకరున్నారు. హైమవతి అక్క నాగరత్నం భద్రాచలం అవతల ఎర్రగుంటపాడు ఆరోగ్య కేంద్రంలో నర్సు. పోయిన ఎండాకాలం ఒక రాత్రంతా అక్కడ కరెంటు లేదు. తెల్లారేసరికి కరెంటు వచ్చి ఫ్రిజ్జు బుద్ధిగా చల్లబడి కూర్చుంది. ఏ మందు బాగుందో, ఏది చెడిందో చెప్పే దిక్కు లేక నాగరత్నం మొత్తం పారబోసింది. పిల్లల్ని చంకనేసుకుని వాగు దాటి వచ్చిన తల్లులను ఉత్త చేతులతో పంపించింది. ఆ రోజు ఫోన్లో అక్క ఏడ్చిన ఏడుపు హైమవతి మరిచిపోలేదు. ఇప్పుడు అక్క ఏడవడం మానేసి ఎగతాళికి దిగింది.

"ఏందే హైమా, నీ పెట్టె ఎప్పుడొస్తది? మా పోరగాళ్ళు పెండ్లీడుకొచ్చినంకనా?"

పెట్టె నిజానికి ఎప్పుడో తయారైంది. అంతలో అందులో వాడే చిప్పు బజారులో దొరకడం మానేసింది. కొత్త చిప్పు వచ్చింది, దాంతోపాటు కొత్త పద్ధతీ వచ్చింది. పాత సాఫ్ట్‌వేరులో బోర్డు మీద ఏ భాగం ఎక్కడుందో అన్నీ ప్రోగ్రాములోనే కలిపి రాసేసి ఉండేవి. కొత్త పద్ధతిలో వాటన్నిటికీ విడిగా ఒక వర్ణన ఫైలు ఉంటుంది. ఫలానా భాగం ఫలానా చోట ఉంది, ఫలానా దాని మీద ఆధారపడి బతుకుతోంది అని అందులో రాయాలి. అందులో లేనిది, కళ్ళెదుట బోర్డు మీద ఉన్నా, సాఫ్ట్‌వేరు దృష్టిలో లేనట్టే.

హైమవతి అంతా మార్చి రాసి, తీగ కొసని ఫ్రిజ్జులో ఉంచి మీట నొక్కింది. పెట్టె నాలుగు డిగ్రీలని చూపించింది. కొసని బయటికి తీసి ఐసుముక్కల్లో పెడితే నాలుగు. వేడినీళ్ళలో పెడితే నాలుగు. చివరికి గుప్పిట్లో పట్టుకుని చూసినా నాలుగే. ఆ లెక్కన ఆమె ప్రాణం పోయి చాలాసేపయి ఉండాలి.

బుర్ర బద్దలు కొట్టుకోగా కారణం దొరికింది. సోమవారం సమీక్షలో అదే చెప్పింది. అదే ఆమె చేసిన పొరపాటు.

సమీక్ష చేసేది డైరెక్టరు డాక్టర్ విరూపాక్షరావు గారు. ఆయనకు కొత్త ఆలోచన అంటే ప్రాణం. ఒక ఏడాది సంస్థను 'సమగ్రం' చేశారు. మరుసటి ఏడాది 'సన్నద్ధం' చేశారు. ఈ ఏడాది ఇంకా ఏమీ చేయక దిగులుగా ఉన్నారు.

"చిప్పులో క్లాక్ అంటే గోడ మీద గడియారం కాదు సార్, నాడి లాంటిది. అది కొట్టుకుంటుంటేనే ఆ భాగం పనిచేస్తుంది" అంది హైమవతి. "యంత్రం మేలుకునేటప్పుడు అన్ని క్లాకులూ కొట్టుకుంటుంటాయి. మేలుకోవడం పూర్తవగానే సాఫ్ట్‌వేరు ఒక చుట్టు తిరిగి, ఈ క్లాక్ ఎవరిదని చూస్తుంది. ఎవరూ నాదనకపోతే కరెంటు దండగని ఆపేస్తుంది. మన ఉష్ణోగ్రత భాగం పాత బోర్డులో ఎవరినీ అడక్కుండానే బతికేసింది. ఇప్పుడు దాని క్లాక్ ఆగిపోతోంది. ఆగేముందు చూసిన నాలుగునే పట్టుకుని కూర్చుంటోంది."

డైరెక్టరు గారు కుర్చీలో ముందుకి జరిగారు. "ఆగమ్మా. ఎవరూ నాదనని దాన్ని ఆపేస్తుందా?"

"అవును సార్."

"తనంతట తానే?"

"అవును సార్. పై క్లాక్ ఆగితే దాని కింద పిల్ల క్లాకులన్నీ కూడా ఆగిపోతాయి. అందుకని వర్ణన ఫైలులో ఒక్క వరుస రాస్తే..."

ఒక్క వరుస సంగతి ఆయన వినలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కళ్ళు చెమర్చాయని పక్కనున్నవాళ్ళు తరవాత చెప్పుకున్నారు. "ఇన్నేళ్ళ సర్వీసులో నేను వెతుకుతున్నది ఇదేనమ్మా" అన్నారు.

మర్నాడు సర్క్యులర్ వచ్చింది.

"విషయం: సంస్థాగత వర్ణన విధానము, అమలు గురించి. సంస్థ ఆవరణలోని సమస్త వస్తు సముదాయమును, సిబ్బందితో సహా, నిర్ణీత నమూనాలో వర్ణించవలసినదిగా ఇందుమూలముగా ఆదేశించడమైనది. ప్రతి వర్ణనయందు అది ఏది, ఎక్కడ ఉన్నది, దానిని ఎవరు వినియోగించుచున్నారు అను మూడు అంశములు ఉండవలెను. వినియోగదారు లేని యెడల సదరు వస్తువును లేదా వ్యక్తిని ప్రతిదినము ఉదయము పదకొండు గంటలకు నిలుపుదల చేయడమగును."

వస్తువులను నిలపడానికి కింది అంతస్తులో కొత్త కంట్రోల్ ప్యానెల్ బిగించారు. మనుషులను నిలపడం ఇంకా తేలిక. హాజరు రద్దవుతుంది, ఫ్యాను ఆగుతుంది, టీ రాదు.

మొదట పోయింది నీళ్ళ మోటారు. నాదని రాసినవాడికే రిపేర్లు చుట్టుకుంటాయని ఏ సెక్షనూ సంతకం పెట్టలేదు. 'సదరు మోటారును అందరూ వినియోగించుచున్నందున, ప్రత్యేకించి వినియోగించువారు లేరు' అని ఇందుకోసమే వేసిన అమలు కమిటీ తేల్చింది. పదకొండింటికి కుళాయిలు ఎండిపోయాయి. పరిశోధకులంతా మొహమాటం చంపుకుని పక్కనున్న బిస్కెట్ల ఫ్యాక్టరీ బాత్‌రూముకి వెళ్ళివచ్చారు.

తరవాత గేటు దగ్గర వాచ్‌మన్ ఓదెలు వంతు వచ్చింది.

"నిన్ను ఎవరు వినియోగిస్తున్నారు?" అని కమిటీ అడిగింది.

"నన్నెవలు వాడుకుంటరు సార్? నేనే గేటును వాడుకుంటున్న" అన్నాడు ఓదెలు.

గేటుకి వినియోగదారు దొరికాడు. ఓదెలుకి దొరకలేదు. పదకొండింటికి ఓదెలును నిలిపేశారు. నిలిచిపోయినవాడు దేన్నీ వినియోగించలేడు కనక ఆ వెంటనే గేటు కూడా నిలిచిపోయింది, అంటే తాళం పడింది. అప్పట్నుంచి పదకొండు దాటాక రాకపోకలన్నీ గోడ మీది నుంచే సాగాయి. గోడకి అటొక స్టూలు, ఇటొక స్టూలు వేశారు. ఆ స్టూళ్ళకి వినియోగదారులుగా సిబ్బంది యావత్తూ సంతకాలు పెట్టారు. సంస్థ మొత్తంలో వర్ణన పరిపూర్ణంగా కుదిరినవి ఆ రెండు స్టూళ్ళే.

ఇంత హడావుడిలో హైమవతికి కావలసింది మాత్రం ఒక్క వరుసే. అయితే వర్ణన ఫైలు అనే మాట సర్క్యులర్‌లోకి ఎక్కింది కాబట్టి, ఇప్పుడు పెట్టెలోని ఫైలు కూడా కమిటీ కిందికే వచ్చింది. ఆ కమిటీకి కార్యదర్శి పరిపాలనాధికారి జగన్నాయకులు. శ్రీకాకుళం మనిషి, మంచివాడు. మంచితనం వల్ల ఎవరికీ ఏ పనీ జరక్కుండా చూసేవాడు.

"ఏటమ్మా ఇది? వరుస చేర్చీడమంటే మాటలేటి?" అన్నాడు కాగితం తిరగేసి చూస్తూ. "ఇచ్చినోడు ఇస్తానని రాయాల. పుచ్చుకున్నోడు పుచ్చుకుంటానని రాయాల. క్లాక్ ఇచ్చినోడి నిరభ్యంతర పత్రం ఏదీ?"

"ఇచ్చేది చిప్పులో ఒక భాగం సార్. అది రాయలేదు."

"రాయలేకపోతే దాని తరఫున ప్రతినిధిని వెయ్యాల. వెయ్యడానికి సబ్ కమిటీ కావాల. సబ్ కమిటీ కూకోడానికి గది కావాల. ఆ గదిని మొన్న పదకొండింటికి కోసీసినారు కదమ్మా."

హైమవతి మొహం చూసి ఆయనకి జాలేసింది. గొంతు తగ్గించి, "ఓ పని చెయ్యి. ఉత్తుత్తి క్లాక్ ఒకటి రాసీ. అది నిజంగా కొట్టుకోదు గానీ, కొట్టుకుంటన్నానని చెప్తాది. డ్రైవరు నోరు మూసుకుంటాది. పై అంతస్తోలు అలాగే చేసీసినారట" అన్నాడు.

ఆ కిటుకు హైమవతికి తెలియనిది కాదు. డ్రైవరంటే ఒక్కో భాగాన్నీ నడిపించే చిన్న ప్రోగ్రాము. కొట్టుకోని క్లాకుని కొట్టుకుంటోందని రాస్తే డ్రైవరు సంతోషిస్తుంది, పరీక్షలో టిక్కు పడుతుంది. ఎర్రగుంటపాడులో మాత్రం మందులు ఉడికిపోతున్నా పెట్టె నాలుగని చూపిస్తుంది. పెట్టె లేకపోతే అక్క కనీసం అనుమానపడుతుంది. అబద్ధాల పెట్టె ఉంటే ఆ అనుమానం కూడా ఉండదు.

తెగించి డైరెక్టరు గారి దగ్గరికే వెళ్ళింది.

"ఉండవలసింది ఎంతమ్మా?" అన్నారాయన.

"రెండుకీ ఎనిమిదికీ మధ్య సార్."

"మన పెట్టె ఎంత చూపిస్తోంది?"

"నాలుగు సార్. కానీ..."

"ఎప్పుడు చూసినా?"

"ఎప్పుడు చూసినా."

"మరి దీన్ని స్థిరత్వం అనక ఏమంటారు?" అన్నారు డైరెక్టరు గారు. "ఆరోగ్య శాఖ కార్యదర్శి మేడమ్ వచ్చే వారం వస్తున్నారు. ఏ వరుసా చేర్చకుండా, కమిటీ ఆమోదించిన ఈ పెట్టెనే చూపిద్దాం. నచ్చితే అన్ని కేంద్రాలకూ పంపేస్తారు."

హైమవతి లెక్క వేసుకుంది. నచ్చకపోతే ప్రాజెక్టు పోతుంది. నచ్చితే అంతకన్నా పెద్ద ప్రమాదం.

ఈలోగా సిబ్బంది తెలివి మీరారు. చిప్పుల పద్ధతిలో ఇంకో వెసులుబాటు ఉంది: 'అత్యవసరం' అని గుర్తు పెట్టిన క్లాకుని ఎవరూ అడగకపోయినా ఆపకూడదు. ఇది ఎలాగో బయటికి పొక్కింది. అంతే, ఫ్యాన్లు అత్యవసరం, లిఫ్టు అత్యవసరం, క్యాంటీనులో ఊరగాయ జాడీ అత్యవసరం, రిసెప్షన్లో ప్లాస్టిక్ పూలకుండీ అత్యవసరం. గుర్తు దొరకనివాళ్ళు ఒకరి వస్తువుని ఒకరు వాడుతున్నట్టు రాసుకున్నారు. అకౌంట్సు వాళ్ళు స్టోర్సు వాళ్ళ కూలరు గాలి పీలుస్తున్నట్టూ, స్టోర్సు వాళ్ళు అకౌంట్సు వాళ్ళ కూలరు గాలి పీలుస్తున్నట్టూ సంతకాలయ్యాయి. ఆపడానికి ఏమీ మిగలక, 'విధానము సంపూర్ణ విజయము సాధించినది' అని కమిటీ నివేదిక రాసింది. కరెంటు బిల్లు ఎప్పటంతే వచ్చింది, కంట్రోల్ ప్యానెల్ తాగే కరెంటు దానికి అదనం. మాటసాయం చేసేవాళ్ళు లేని నీళ్ళ మోటారూ ఓదెలూ మాత్రం రోజూ పదకొండింటికి ఆగిపోతూనే ఉన్నారు.

అత్యవసరం గుర్తు వద్దన్న మనిషి ఒక్కరే ఉన్నారు, డైరెక్టరు గారు. "ఆ గుర్తులు కింది స్థాయికమ్మా. నేను మూలాన్ని" అన్నారు. సంస్థ వర్ణనలో అన్నిటికన్నా పైన తన పేరు రాయించుకున్నారు. మిగతావన్నీ ఆ పేరు కింద పిల్లలు. 'ఎవరు వినియోగించుచున్నారు' అన్నచోట స్వహస్తాలతో 'వర్తించదు' అని రాశారు. ప్యానెల్ బిగించినవాడు బుద్ధిమంతుడు కాబట్టి ఆ పేరుని కోతలోంచి మినహాయించి ఊరుకున్నాడు.

మేడమ్ వచ్చే ముందురోజు డైరెక్టరు గారు జాబితా తెప్పించుకుని చూశారు. "ఈ మినహాయింపు ఎవరిది? మేడమ్ ముందు మినహాయింపులా? తీసేయండి. పూర్తి అమలు కావాలి" అని గర్జించారు.

"సార్, అది మీదే" అంది హైమవతి. "మీ వరుసలో వినియోగదారు లేరు. పై క్లాక్ ఆగితే కిందవన్నీ..."

"విధానానికి ఎవరూ అతీతులు కారమ్మా" అన్నారాయన. ఆ వాక్యం తనకే నచ్చి జగన్నాయకుల చేత రాయించుకున్నారు.

ఆ సాయంత్రం హైమవతి తన బల్ల దగ్గర కూర్చుని, ఇంకో పెట్టె తీసి, ఆ ఒక్క వరుసా రాసేసింది. ఆమోదం లేదు. నిరభ్యంతర పత్రం లేదు. ఉద్యోగం పోతే పోనీ అనుకుంది. మార్చి ఎలాగూ దగ్గర్లోనే ఉంది.

కార్యదర్శి మాణిక్యాంబ గారు పదకొండుకి ముందే వచ్చారు కాబట్టి ఓదెలు అప్పటికి ఇంకా ఉన్నాడు. సెల్యూట్ కొట్టి గేటు తీశాడు. సమావేశం గదిలో ఏసీ చల్లగా వీస్తోంది. డైరెక్టరు గారు విధానం గురించి అరగంట మాట్లాడి, ఆమోదిత పెట్టెని బల్ల మీద పెట్టించారు.

"నాలుగు" అన్నారు గర్వంగా. "నిన్నా నాలుగే. రేపూ నాలుగే."

మాణిక్యాంబ గారు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. పెట్టె తాలూకు తీగ కొసని పట్టుకుని, ఎదురుగా పొగలు కక్కుతున్న టీ కప్పులో ముంచారు. నాలుగు. టీ చల్లారిందేమోనని ఇంకో కప్పు అందుకుని ఒక గుక్క తాగారు. నాలుక చురుక్కుమంది.

"ఇది నాలుగా?" అన్నారు.

"స్థిరత్వం మేడమ్" అన్నారు డైరెక్టరు గారు.

హైమవతి లేచింది. రెండో పెట్టె తెచ్చి పక్కన పెట్టి, దాని తీగనీ అదే కప్పులో ముంచింది. అంకె గబగబా ఎక్కి డెబ్బై దగ్గర ఆగి, కూత అందుకుంది. జగన్నాయకులు చెవులు మూసుకున్నాడు.

"అది ఆమోదం పొందలేదు!" అన్నారు డైరెక్టరు గారు.

సరిగ్గా అప్పుడు పదకొండయింది.

ముందు ఏసీ ఆగింది. తరవాత లైట్లు పోయాయి. ఎక్కడో లిఫ్టు ఆగిపోయి, లోపలున్నవాళ్ళు గోల పెట్టడం వినిపించింది. కంట్రోల్ ప్యానెల్ జాబితా పైనుంచి చదువుకుంటూ వచ్చింది. మొదటి పేరు దగ్గరే వినియోగదారు ఎవరూ కనపడలేదు. డైరెక్టరు గారిని నిలిపేసింది. ఆయన పిల్లలైన నాలుగంతస్తులూ ఆయనతోపాటే ఆగిపోయాయి. అత్యవసరం గుర్తులేవీ అక్కరకు రాలేదు.

తెరలు దించిన గదిలో చీకటి. బ్యాటరీ మీద నడిచే రెండు పెట్టెలూ మాత్రం వెలుగుతున్నాయి. ఒక దాని మీద నాలుగు. రెండో దాని మీద అరవై ఎనిమిది, కాసేపటికి అరవై ఐదు, ఇంకాసేపటికి అరవై ఒకటి. టీ చల్లారడాన్ని ఇంతమంది అధికారులు ఇంత శ్రద్ధగా చూడటం అదే మొదలు.

"ఈ కూసే పెట్టె ఎవరిది?" అని మాణిక్యాంబ గారు అడిగారు.

ఆ సంస్థలో అంతకన్నా కష్టమైన ప్రశ్న లేదు. జగన్నాయకులు నేల చూశాడు. నిలిచిపోయి ఉన్నారు కనక డైరెక్టరు గారు పలకలేదు. ఎర్రగుంటపాడు వాగూ, ఉత్త చేతులతో వెనక్కి వెళ్ళిన తల్లులూ హైమవతి కళ్ళ ముందు మెదిలారు.

"నాది మేడమ్" అంది.

ఆ మాట ఆ భవనంలో చాలా కాలంగా ఎవరి నోటా రాలేదు.

మాణిక్యాంబ గారు తల ఆడించి లేచారు. గేటుకి తాళం పడి ఉండటంతో, పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని స్టూలెక్కి గోడ దాటారు. ఆ పూట ఉనికిలో లేకపోయినా ఓదెలు చెయ్యి అందించాడు.

పదిరోజుల్లో సచివాలయం నుంచి ఉత్తర్వు వచ్చింది. ఇకనైనా ఈ గోల రద్దవుతుందని ఆశపడ్డవాళ్ళకి ప్రభుత్వం సంగతి తెలియదు. 'విధానము అత్యుత్తమము. అయితే అందరికీ అవసరమైనవాటిని తమవిగా స్వీకరించు అధికారి లేకుండుట లోపముగా గుర్తించడమైనది' అని రాసి, 'సార్వత్రిక స్వీకర్త' అని ఒక పోస్టు సృష్టించారు. నాది అనడంలో పూర్వానుభవం ఉన్నవాళ్ళు ఒక్కరే కాబట్టి హైమవతిని అందులో వేసి, ఉద్యోగం పర్మనెంటు చేశారు. పెట్టెకి ఆమోదం కూడా ఆ పోస్టుతోనే వచ్చింది. క్లాక్ ఇచ్చే భాగం తరఫున హైమవతి సంతకం పెట్టింది, పుచ్చుకునే భాగం తరఫున కూడా ఆమే పెట్టింది. జగన్నాయకులు రెండిటి మీదా ముద్ర కొట్టి, "ఇంత సులువని నాకేటి తెలుసమ్మా" అన్నాడు.

ఇప్పుడు రోజూ పదకొండులోగా ఆమె రిజిస్టరు నింపాలి. ఒక్కోదాని పక్కనా సంతకం పెట్టి, దాన్ని దేనికి వాడుతున్నారో కూడా రాయాలి. నీళ్ళ మోటారు, తాగడానికి, కడుక్కోవడానికి. ఓదెలు, గేటు తీయడానికి. లిఫ్టు, ఎక్కడానికి. రాసి రాసి చెయ్యి పట్టేస్తోంది. కూసే పెట్టెలన్నీ అట్టపెట్టెల్లోకి ఎక్కాయి. పంపడానికి అనుమతి ఫైలు మాత్రం డైరెక్టరు గారి బల్ల మీదే 'పరిశీలనలో' ఉంది. ఆమోదం లేకుండా కూసినదాన్ని ఆయన ఇంకా క్షమించలేదు.

"లారీ ఎక్కిందా లేదా చెప్పు. ఫ్రిజ్జు కాడ జాగా చేసి పెట్టిన" అని ఆ ఉదయం కూడా నాగరత్నం ఫోన్ చేసింది.

లారీ వచ్చి గేటు దగ్గర నిలబడి ఉంది. హైమవతి రిజిస్టరు నింపుతూ నింపుతూ ఒక్క వరుస దగ్గర ఆగింది. పెన్ను పక్కన పెట్టి, క్యాంటీను నుంచి టీ తెప్పించుకుంది. పదకొండు దగ్గర పడుతుండగా బల్ల మీద ఫోన్ మోగింది.

"హైమవతి గారూ, నేను విరూపాక్షరావుని" అంది అవతలి గొంతు. గారూ అనడం అదే మొదటిసారి. "రిజిస్టరు పూర్తయిందా?"

"ఒక్క వరుస ఉంది సార్."

"అదే... మా పేరు రాశారా అని."

"దేనికి వాడుతున్నామో రాయాలి కద సార్. ఆలోచిస్తున్నా." ఒక గుక్క టీ తాగింది. "పెట్టెల ఫైలు మీ బల్ల మీదే ఉన్నట్టుంది."

అవతల కాగితాలు గబగబా కదిలాయి. పెన్ను మూత ఊడిన చప్పుడు కూడా వినిపించింది.

"అయిపోయిందమ్మా. ఓదెలు చేత పంపిస్తున్నా."

ఓదెలు ఫైలు పట్టుకుని మెట్లెక్కి వచ్చేదాకా ఆగి, సంతకం ఉందో లేదో చూసుకుని, హైమవతి పెన్ను తీసింది. ఆఖరి వరుసలో డైరెక్టరు గారి పేరు పక్కన సంతకం చేసి, దేనికి వాడుతున్నారు అన్నచోట 'సంతకానికి' అని రాసింది.

గోడ మీద గడియారం పదకొండు కొట్టింది. ఏదీ ఆగలేదు. కింద లారీ స్టార్టయింది.